ఉప్పుమిట్ట వంతు

పడవ తోసే ముందు పేరమ్మ గడను నీళ్లలో నిటారుగా దించుతుంది. అడుగు తగిలాక పైకి తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఆ తర్వాతే ఎక్కమంటుంది. రోజూ తిరిగే నీళ్లయినా అంతే. ఒడ్డున పడవ మోకాలి లోతులో ఉన్నా అంతే. తొందరపడేవాళ్లు తొందరపడుతూనే ఉంటారు. ఆమె చూడాల్సింది చూసి గానీ కదలదు.

నల్లదిబ్బ కుప్పం చేపలవాళ్ల పల్లె, పులికాట్ సరస్సుకు పడమటి ఒడ్డున ఉంది. సూళ్లూరుపేట స్టేషను నుంచి జట్కాలో వస్తే కొంత దూరం మట్టిరోడ్డు, తర్వాత ఇసుక. ఇసుక దగ్గర జట్కా ఆగిపోతుంది, అక్కడి నుంచి నడవాలి. తాటాకు ఇళ్లు, ఆరేసిన వలలు, పోలేరమ్మ గుడి, గుడి ముందు పందిరి. ఊరంతా ఇదే. ఎదురుగా నీళ్లు. లోతు లేని నీళ్లు గనుక గాలిని బట్టి రంగు మారుతుంది.

చేపలు పట్టే తావులన్నీ ఒకలాంటివి కావు. కొన్నిట్లో రొయ్య నిండుగా పడుతుంది, కొన్నిట్లో నాచు పడుతుంది. అందుకే కుప్పంలో వంతులున్నాయి. ఏడాదికొకసారి పోలేరమ్మ కొలుపు అయ్యాక ప్రతి జట్టూ తన గుర్తు ఒకటి కుండలో వేస్తుంది. చిల్లపెంకో, మట్టిగుండో, తాటాకు ముక్కో. పూజారి ఒక్కొక్కటే తీస్తాడు. ఆ ఏడాది ఏ తావు ఎవరిదో అలా తేలుతుంది. ఎవరూ ఎదురు చెప్పరు. కుప్పంలో తిట్లుంటాయి, తాగుడుంటుంది, కొట్లాట ఉంటుంది గానీ తావుల దగ్గర మాత్రం తగువు ఉండదు.

జట్టు వంతు ఇంటి మగవాడి పేరు మీదే ఉంటుంది. పేరమ్మ మొగుడు 1957లో జ్వరంతో పోయాడు. మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, దీవిలోని ఊరికి ఇచ్చేశారు. మొగుడు పోయిన ఏడాది అతని చిల్లపెంకు కుండలో పడలేదు. అతని పడవను ఒడ్డుకు లాగి బోర్లించారు. పేరమ్మ పక్కింటి మస్తానమ్మలాగే, మగదిక్కు లేని మిగతా ఆడవాళ్లలాగే, వేరేవాళ్లు పట్టిన చేపలు గంపకెత్తుకుని సూళ్లూరుపేట పోయి అమ్మడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు నుంచీ ఆమెకు గడ వేయడం వచ్చు. ఇప్పుడు నీళ్ల మీద ఆమెకు పని లేకుండా పోయింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పొద్దున గంప ఎత్తుకునేటప్పుడు బోర్లించిన పడవకు అటుపక్కగా తిరిగి పోయేది.

1959 చలికాలంలో ఒక పొద్దున ఆమె స్టేషను బయట గంప దించుకుని కూర్చుంది. మద్రాసు బండి దిగిన భార్యాభర్తలు జట్కా దగ్గర నిలబడి, జట్కా తోలే హజరత్తయ్యతో అరవంలో ఏదో అడుగుతున్నారు. ఆయన మెడలో దుర్భిణీ ఉంది. హజరత్తయ్య కొంతసేపు తల గోక్కుని ఇటు తిరిగాడు.

"పేరమ్మక్కా, వీళ్లకి ఎర్రకొంగలు కావాలంట."

"కూరకా?"

"చూడ్డానికంట."

"చూసేదానికి మద్రాసు నించి వొచ్చినారా?"

"టిక్కెట్టు కొనుక్కుని వొచ్చినారు. నన్నేం జేయమంటావు? మీ నీళ్లలోనే గదా ఉండేది. చూపీపో."

బయటివాళ్లు రాజహంసలనే పక్షులను కుప్పంలో ఎర్రకొంగలంటారు. వానలు తగ్గాక గుంపులుగా వస్తాయి. ఎండలు ముదిరే దాకా ఉంటాయి. వాటిని ఎవరూ పట్టరు, తరమరు. అవి ఉన్నచోట నీళ్లు ఎంత లోతో తెలుస్తుంది. అంతకుమించి వాటితో పని లేదు.

పేరమ్మ గంపను పక్కన కూర్చున్న మస్తానమ్మకు ఒప్పజెప్పి జట్కా ఎక్కింది. కుప్పంలో మొగుడి పడవను ఆమె, ఆ మద్రాసాయన కలిసి తిరగేశారు. ఎండి నెర్రెలిచ్చిన పడవ. నీళ్లు ఊరుతుంటే ఆ భార్య చెంబుతో తోడిపోసింది. ఉప్పుమిట్ట అనే తావు దగ్గర నీళ్లు మోకాళ్లు దాటవు. కొంగలు అక్కడ నిలబడి ఉన్నాయి. పేరమ్మ దూరంగానే గడ నాటి పడవ ఆపింది. మధ్యాహ్నం దాకా వాళ్లు మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకుంది. తిరిగివచ్చే ముందు ఆ భార్య దుర్భిణీ తీసి పేరమ్మ చేతికిచ్చింది. పేరమ్మ చూసింది. కొంగ కన్ను పసుపుపచ్చగా ఉంది. పుట్టినప్పటి నుంచీ వాటిని చూస్తూ కూడా, వాటి కన్ను ఏ రంగో ఆమె ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం కుప్పం పెద్ద పోలేరయ్య ఆమెను పిలిపించాడు. ఆమె మొగుడికి అన్న వరస.

"మే పేరమ్మా, నీళ్లలోకి పోయినావంట."

"పోయినా బావా."

"ఆడది వల వెయ్యగూడదని తెలుసా, తెలవదా?"

"వల యాడేసినా? గడ వేసినా."

పందిరి కింద కూర్చున్నవాళ్లు నవ్వారు. పోలేరయ్య కూడా నవ్వాడు. వలకు కట్టుబాటు ఉంది, గడకు లేదు. ఆ సంగతి అంతకుముందు ఎవరికీ తట్టలేదు, అవసరమూ రాలేదు.

ఆ భార్యాభర్తలు మద్రాసులో ఎవరెవరికి చెప్పారో. మరుసటి ఏడాది చలికాలానికి ఆదివారాల్లో మనుషులు రావడం మొదలైంది. కాలేజీ వాళ్లు, డాక్టర్లు, ఒకసారి ఇద్దరు తెల్లవాళ్లు. పేరమ్మ స్టేషను దగ్గర కలుసుకుని తీసుకొచ్చేది. ఒక్క పడవ చాల్లేదు. మిగతావాళ్లు కూడా పడవలు తీశారు. అప్పుడు తగువు వచ్చింది. ఇసుక దాటి వస్తున్న మనిషిని ఒకడు కుడిచెయ్యి, ఒకడు ఎడమచెయ్యి పట్టుకుని లాగారు. నెల్లూరు నుంచి వచ్చిన ఒక ప్లీడరు గారి కళ్లద్దాలు ఇసుకలో పడి పగిలాయి. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ రోజు పేరమ్మ పందిరి దగ్గరికి తనే వచ్చింది. ఆడవాళ్లు పందిరి కిందికి రారు, అంచున నిలబడతారు. ఆమె అంచున నిలబడి చెప్పింది.

"చేపలకి వంతులుండాయి. మనుషులకి ల్యాకపాయె. వొచ్చేవాళ్లకి గూడా వంతులు పెట్టు బావా."

పెట్టారు. కుండ తెచ్చారు, గుర్తులు వేశారు. ఏ ఆదివారం ఏ జట్టు పడవలు పోవాలో తేలింది. తర్వాత గానీ పేరమ్మకు ఒక సంగతి తెలియలేదు. కుండలో గుర్తు వేసే హక్కు వంతు ఉన్న ఇళ్లకే ఉంది. ఆమె ఇంటికి లేదు. ఆమె అడగలేదు, వాళ్లు తలవలేదు. పడవ మళ్లీ ఒడ్డెక్కింది. ఈసారి బోర్లించలేదు, అంతే తేడా.

"నీ నోటితో నువ్వే పోగొట్టుకుంటివి గదమే," అంది మస్తానమ్మ.

"తగువు పోయింది గదక్కా."

"తగువు పోయింది, పడవా పోయింది. ఇంకేం, దా, పులుసు కాద్దాం."

పంచాయతీ సమితిలో సంజీవరావు గారని విస్తరణాధికారి ఉండేవారు. సైకిలు మీద వచ్చేవారు, ఇసుకలో దాన్ని భుజాన వేసుకుని నడిచేవారు. ఊళ్లు తమంతట తాము బాగుపడాలి, ప్రభుత్వం చెయ్యి అందించాలి అని ఆయన నమ్మకం. నమ్మడమే కాదు, అందుకోసం తిరిగేవారు. వచ్చేవాళ్లు నీడన కూర్చోవడానికి ఒక షెడ్డు, ఆడవాళ్లకు చాటుగా ఒక మరుగు, ఒడ్డున దిగడానికి కొయ్యపలకల మెట్టు కావాలన్నారు. కర్రలు, తాటాకు కుప్పంవాళ్లు తెచ్చారు. మేకులు, తారు ఆయన తెప్పించారు. సమితికి వచ్చే పెద్దలను వెంటబెట్టుకుని తెచ్చి చూపించేవారు. షెడ్డు పనులు మగదిక్కు లేని ఇళ్లకు అప్పజెప్పమని పోలేరయ్యతో చెప్పిందీ ఆయనే. పేరమ్మ, మస్తానమ్మ, మరికొందరు అక్కడ అన్నం, చేపల పులుసు వండేవారు. వచ్చినవాళ్లలో సగం మంది తినేవారు కాదు. ఇంటి దగ్గర నుంచి కట్టించుకొచ్చిన పులిహోర తినేవారు. కుప్పం చెంబుతో నీళ్లు తాగేవారూ కాదు. మస్తానమ్మ టెంకాయలు తెప్పించింది.

"చెంబు ముట్టుకోరు, టెంకాయ తాగతారు," అని నవ్వింది. "టెంకాయకి కులం లేదంటమే. మనమే టెంకాయ కడుపున పుట్టుంటే పొయ్యేది."

పేరమ్మ నవ్వలేదు. ఆమె షెడ్డులో పొయ్యి దగ్గర కూర్చున్నా ముఖం నీళ్లవైపే ఉండేది. పడవల్లో పోయేవాళ్లు గడ తప్పుగా వేస్తే ఆమెకు ఇక్కడి నుంచే తెలిసేది. ఆదివారం సాయంత్రం అందరూ వెళ్లాక ఒకసారి తన పడవను నీళ్లలోకి తోసి, కాసేపు తిరిగి, మళ్లీ లాగి పెట్టేది. అలా నాలుగు చలికాలాలు గడిచాయి.

1965 సంక్రాంతి తర్వాత సంజీవరావు గారు మద్రాసు నుంచి కొందరు పెద్దవాళ్లను తీసుకొచ్చారు. అందులో ఒకాయన పత్రికకు ఫొటోలు తీసేవాడు. ఆ వారం వంతు చిన్నపోలయ్యది. పేరమ్మకు మరిది వరస. గట్టి పనివాడు, మంచి నోరున్నవాడు. కొంగలు ఉప్పుమిట్టలో తలలు నీళ్లలో పెట్టి మేస్తున్నాయి. చాలాసేపు చూశారు. అవి తలెత్తలేదు.

"ఇవి ఎగరవా?" అని ఫొటోలాయన అడిగాడు.

చిన్నపోలయ్యకు ఆ మాట తన వంతు మీద వచ్చిన మాటలా తగిలింది. తన తావులో చేప పడలేదని ఎవరో అన్నట్టు.

సరస్సులో చేపను తోలి పట్టే పద్ధతి ఒకటుంది. పడవలు నెలవంకలాగా విడిపోతాయి. తాటాకులు కట్టిన పొడుగు తాడును పడవకూ పడవకూ మధ్య లాగుతారు. గడలతో నీళ్లు కొడతారు, పడవ పలకలు దబదబ బాదుతారు. బెదిరిన చేప వల ఉన్నవైపు పోతుంది. చిన్నపోలయ్య తన బావమరుదులను కేకేసి పిలిచాడు. తాడు లాగారు, నీళ్లు కొట్టారు, పలకలు బాదారు.

కొంగలు లేచాయి. ఎన్నో చెప్పలేం. నిలబడి ఉన్నంతసేపు తెల్లగా ఉన్న గుంపు రెక్కలు విప్పగానే ఎర్రబడింది. పడవల్లో ఉన్నవాళ్లు కేకలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. సంజీవరావు గారు కూడా లేచి నిలబడి కొట్టారు. ఒడ్డున షెడ్డులో పేరమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి చూసింది. బాగుంది. ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు.

ఫొటో పత్రికలో వచ్చింది. తర్వాత ఆదివారం వచ్చినవాళ్లు కొంగలను లేపమని అడిగారు. లేపారు. ఆ తర్వాత అడగకుండానే లేపారు. ఒక జట్టు లేపితే ఇంకో జట్టు ఊరుకోలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. స్టేషను దగ్గర పేరమ్మ కూడా చెప్పింది: "రాండి, కొంగలు లేస్తాయి." మాఘం వెళ్లేసరికి ఉప్పుమిట్టలో ఒక్క కొంగ లేదు. దక్షిణంగా, అరవదేశం వైపు నీళ్లలో దిగాయని చేపలవాళ్లు చెప్పారు. మద్రాసువాళ్లకు అదే దగ్గర.

రెండు ఆదివారాలు వచ్చినవాళ్లు ఖాళీ నీళ్లు చూసి వెళ్లారు. మూడో ఆదివారం ఎవరూ రాలేదు. షెడ్డులో పొయ్యి వెలిగించలేదు.

పోలేరమ్మ కొలుపు అయ్యాక, తావుల వంతులు వేసే ముందు, పందిరి కింద కుప్పం కూడింది. సంజీవరావు గారు కూడా వచ్చారు. ఆయనకు నులకమంచం వేశారు. పోలేరయ్య మాట మొదలుపెట్టాడు.

"కొంగలు పోయినాయి. మనుషులూ పోయినారు. ఈ యాపారం చాలిద్దాం. షెడ్డు విప్పి తాటాకు ఎవురిది వాళ్లు తీసుకోండి."

ఎవరూ కాదనలేదు. చిన్నపోలయ్య తల వంచుకుని తాడు ముడి విప్పుతున్నాడు.

అంచున నిలబడిన పేరమ్మ అంది: "విప్పొద్దు బావా. ఉప్పుమిట్ట మీద దురాయి వెయ్యి."

దురాయి అంటే కుప్పం మొత్తం మీద పెట్టే ఆన. దాన్ని దాటినవాడి ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పీనుగ లేచినా రారు.

"దేనికని వెయ్యాలి?"

"ఉప్పుమిట్టలో వల పడగూడదు. గుంజ నాటగూడదు. తాడు లాగగూడదు, పలక కొట్టగూడదు. అప్పుడు మళ్లా వొస్తాయి."

పందిరి కింద ఒక్కసారిగా గోల లేచింది.

"కొంగలకి తావు రాసిస్తావామే?"

"పోలేరమ్మకి పొంగలి గూడా అయ్యే పెడతాయేమో అడుగు!"

"రొయ్య పడే తావు వొదిలేసి ఈకలు ఏరుకుందామా?"

చిన్నపోలయ్య తలెత్తాడు. "వదినా, నేను జేసినదానికి అందరి తావు పోగొడతావా? నన్ననరాదా."

"నిన్ననేదేముందబ్బయ్యా. నేను టేసన్లో నిలబడి కొంగలు లేస్తాయని పిలిస్తిని. నన్ను గూడా అనాల."

పోలేరయ్య గోల తగ్గేదాకా ఆగాడు. "సరే. దురాయి వేస్తే ఒక తావు తగ్గద్ది. జట్లు అన్నే ఉంటాయి. ఉప్పుమిట్ట వొచ్చిన జట్టు ఏడాది పొడుగునా ఏం తినాలి?"

"కుండలో వెయ్యబాకండి దాన్ని. మిగిలిన తావుల్లోనే అందరూ సర్దుకుంటే ఒక్కడి కడుపు కొట్టినట్టు గాదు."

"సర్దుకుంటాం. మరి కొంగలు రాకపోతే? మనుషులు రాకపోతే? ఆ మిట్ట కాపలా ఎవుడు గాస్తాడు? ఊరికే నిలబడేదానికి ఎవుడు పోతాడు?"

"నాకొద్దు," అన్నాడు చిన్నపోలయ్య.

"నాకూ వొద్దు," అన్నాడు ఇంకొకడు. వద్దు అనే మాట పందిరి చుట్టూ తిరిగి వచ్చింది.

మస్తానమ్మ వెనక నుంచి పేరమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

"ఎవురికీ వొద్దంటే మాకియ్యండి," అంది పేరమ్మ. "మగోళ్లు లేని ఇళ్లకి."

"మగోడు లేని ఇంటికి వంతు యాడిదిమే?" అన్నాడు ఒక ముసలాయన. "నా తాత నాడు లేదు."

"వంతు వల వేసేవాళ్లకి గదా మామా. మేం వల వెయ్యం, గడే వేస్తాం. వల వెయ్యనోళ్లకి ఆ కట్టుబాటు ఎట్టా తగులుతుంది?"

ముసలాయన జవాబు కోసం పోలేరయ్య వైపు చూశాడు. పోలేరయ్య సంజీవరావు గారి వైపు చూశాడు.

"ఇది మీ కట్టుబాటు, పోలేరయ్యా," అన్నారు సంజీవరావు గారు. "నేను చెప్పేది లేదు. ఆ రోజు నేనూ లేచి చప్పట్లు కొట్టినవాణ్ణే."

పూజారి కుండను ఈ పక్క నుంచి ఆ పక్కకు పెట్టాడు. పోలేరయ్య చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఒక్క ఏడు," అన్నాడు. "వొచ్చే చలికాలం కొంగలు దిగితే ఉప్పుమిట్ట ఆడోళ్లది, చూసేదానికి వొచ్చేవాళ్లకి పడవ తోసేదీ ఆడోళ్లే. దిగకపోతే మళ్లా కుండలో పడతది. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తబాక."

"ఎత్తను బావా."

"కొంగలు రాకపోతే అప్పుడు జెప్తాం నీ సంగతి," అని ఎవరో అన్నారు. నవ్వు లేచింది. ఆ నవ్వులోనే పోలేరయ్య పోలేరమ్మ వైపు తిరిగి దురాయి చాటాడు. తర్వాత గుర్తులు కుండలో పడ్డాయి. ఉప్పుమిట్ట పేరు పిలవలేదు.

మరుసటి రోజు పొద్దున పేరమ్మ, మస్తానమ్మ ఉప్పుమిట్టకు పోయారు. అక్కడ కొంగలు లేవు. పాత వలలు కట్టిన గుంజలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి. పేరమ్మ చీర గోచి బిగించి దిగింది. ఒక్కొక్క గుంజనూ రెండు చేతులతో పట్టి, ఇటూ అటూ కదిపి, బురద వదిలేదాకా ఊపి పీకింది. మస్తానమ్మ పడవలో పేర్చింది. ప్రతి గుంజ మీదా దాని ఇంటివాడు కొట్టుకున్న గాటు ఉంటుంది. ఒడ్డుకు తెచ్చి గాటు చూసి, ఎవరి ఇంటి ముందు వాళ్లవి దించారు. చిన్నపోలయ్య గుంజలు అందరికన్నా ఎక్కువ. అతని గుమ్మం ముందు పేరమ్మ వాటిని చివరలు కలిసేటట్టు వరసగా పేర్చింది. లోపల నుంచి ఎవరూ బయటికి రాలేదు. మిట్టలో ఇంకా గుంజలు ఉన్నాయి. ఆమె పడవ దగ్గరికి తిరిగి నడిచింది.